‘ఉన్నారా’ మీట

కుక్కరు రెండో కూత కూయకముందే సలోమి కూతురి చక్రాల కుర్చీని వంటింట్లోంచి వసారాలోకి లాగేసింది. రోజూ లాగేస్తుంది. తెనాలి మొత్తం మీద కుక్కరు పేలిన ఇల్లు ఒక్కటి కూడా ఆమెకు తెలియదు. అయినా పేలడమంటూ జరిగితే మొదట పేలేది తన కుక్కరేననీ, ఆ మూత ఎగిరివచ్చి తగిలేది కెజియా తలకేననీ ఆమెకు గట్టి నమ్మకం.

కెజియా వెంటనే ఏమీ అనలేదు. ఆ పిల్ల ఏదైనా అనాలంటే అంతసేపు పడుతుంది. గొంతు కింద అతికించిన రూపాయి బిళ్లంత పట్టీలో పచ్చదీపం మినుకుమంది, ఆగింది, మళ్లీ మినుకుమంది. తర్వాత కుర్చీకి కట్టిన చిన్న స్పీకరులోంచి గరగరమంటూ మాట ఊడిపడింది.

“పే... లదు.”

“నోర్ముయ్. అట్టా అనుకున్నోళ్ల ఇళ్లలోనే పేలిద్ది.”

“పేలినాక... ఏడువు.”

సలోమికి నవ్వు వచ్చింది. పదకొండేళ్లు పిల్లకి. పుట్టినప్పుడు ఊపిరి అందడం ఆలస్యమై చేతులు, కాళ్లు, నాలుక చెప్పుచేతల్లో లేకుండా పోయాయి. బుర్ర మాత్రం కత్తి. ఆరో ఏడు వచ్చేదాకా ఆ పిల్లకీ లోకానికీ మధ్య ఉన్నవి రెండు కళ్లు. ఔనంటే మూసేది, కాదంటే గోడవైపు తిప్పేది. అంతే.

ఆ తర్వాత పట్టీ వచ్చింది. మాట్లాడాలనుకున్న మనిషి మెదడు గొంతు నరాలకు కబురు పంపుతుందట. నాలుక కదలకపోయినా ఆ కబురు గొంతుదాకా వస్తుందట. పట్టీ దాన్ని పట్టుకుని పైకి పలుకుతుంది. కబురు పూర్తిగా పంపడం కెజియాకు అలవాటయ్యేసరికి రెండేళ్లు పట్టింది. అన్నాళ్లూ మాటలు నేర్పే డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టుకుని, “ఇంకొంచెం, చివరిదాకా, మధ్యలో వదలకు” అంటూ ఉండేది. పిల్ల మొహం ఎర్రబడేది, చెమటలు పట్టేవి. చివరికి ఒకరోజు వచ్చిన మొదటి మాట అమ్మ కాదు, “వద్దు”.

పట్టీ చేసిన కంపెనీ ఆ తర్వాత ఏడాదికే మూతపడింది. తెలుగు మాట్లాడే పట్టీలు రెండు రాష్ట్రాల్లో కలిపి నలభై కూడా లేవు, లాభం ఎక్కడొస్తుంది? కాకపోతే పట్టీ లోపల నడిచేది లినక్స్. దానికి ఎవరి తాళమూ ఉండదు. ఎక్కడెక్కడి వాళ్లో, జీతం భత్యం లేకుండా, పట్టీకి కావలసిన సాఫ్ట్‌వేర్‌ను ముక్కలు ముక్కలుగా బాగుచేసి ఇంటర్నెట్లో ఒక ఉమ్మడి చోట పెట్టసాగారు. ముక్కకో ప్యాకేజీ, ప్యాకేజీకో మనిషి. ఆ చోటును రెపో అనేవారు. పదో తరగతితో ఆగిపోయిన సలోమికి మొదట అది బుర్రకెక్కలేదు. తర్వాత ఒక ఆదివారం గుళ్లో పిడికెడు బియ్యం డబ్బా చూడగానే ఎక్కింది. వంట వండే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టడం, ఆదివారం అందరూ తెచ్చి డబ్బాలో పోయడం, లేనివాళ్లు పట్టుకెళ్లడం. ఎవరి పిడికెడు ఎవరి కంచంలో పడిందో ఎవరూ అడగరు. రెపో కూడా అంతే.

తెలుగు గొంతు ప్యాకేజీని చూసే మనిషి పేరు నరహరి. పాలకొల్లు. టెలిఫోన్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడట. అంతకుమించి ఎవరికీ తెలియదు. ఆ ప్యాకేజీ పేజీలో ‘ఉన్నారా?’ అని ఒక మీట ఉండేది. పిల్లల తల్లులు దాన్ని నొక్కీ నొక్కీ అరగదీశారు. ఎండకు పట్టీ వేడెక్కినా, పిల్లాడు తుమ్మినప్పుడు స్పీకరు గీమన్నా మీట నొక్కేవారు. ఒక్కోసారి ఏ పనీ లేకుండానే, పలకరింపుగా నొక్కేవారు. ఆయన ఒకటి రెండు రోజుల్లో జవాబిచ్చేవాడు. “ఉన్నానండి, టీ తాగుతున్నా.” “ఉన్నానండి, మీవాడి తుమ్ము సంగతి చూస్తా.”

అందరికంటే ఎక్కువ నొక్కేది సలోమి. ఎవరో ఎక్కడో బాగుచేసి పెడుతున్న గొంతు. ఆ ఎవరో కాలు జారి పడితే? గుండె నొప్పి వస్తే? కాలవలో పడితే? పాలకొల్లులో కాలవలు ఎక్కువని ఎవరో చెప్పినప్పటినుంచి ఆమెకు అదో బెంగ.

ఆ జూన్‌లో నరహరి వారం రోజులు పేజీలో కనిపించలేదు. చీరకు ఫాల్ కుడుతూ కుడుతూ సలోమి మిషను ఆపి ఫోను తీసింది. పోయాడేమో. పోతే ఎవరు చెబుతారు మనకి? వెంటనే మీట నొక్కింది.

మీట కింద సన్న అక్షరాల్లో ఉన్నది ఆమె చదవకపోలేదు. పద్నాలుగు రోజుల్లో సంరక్షకుడి జవాబు రాకపోతే ప్యాకేజీ దిక్కులేనిదవుతుంది, ముందుగా చెయ్యెత్తినవారికి చెందుతుంది అని తెలుగులోనే ఉంది. ఎన్నోసార్లు చదివింది. కానీ ఆయన ఎప్పుడూ పద్నాలుగు రోజులు తీసుకోలేదు. దీపం దగ్గర అగ్గిపుల్లలు ఉంటే ఇల్లు కాలిపోతుందని వణికే మనిషి, ఆ ఒక్క వాక్యానికి మాత్రం భయపడలేదు.

రెండో రోజు జవాబు లేదు. అయిదో రోజు లేదు. “ప్రభువా, ఆ పెద్దాయనకి ఏమీ కాకుండా చూడు” అని మోకాళ్ల మీద ప్రార్థించింది. పదో రోజు మిగతా తల్లులు కూడా కంగారుపడి తలా ఒకసారి నొక్కారు. పద్నాలుగో రోజు మధ్యాహ్నం పేజీలో నరహరి పేరు ఉన్నచోట ఖాళీ వచ్చింది. గంట తిరక్కుండా ఆ ఖాళీలో ఇంకో పేరు చేరింది. ‘సుస్వర’.

మూడు రోజుల తర్వాత నరహరి రెండు ముక్కలు రాశాడు. “కంటి ఆపరేషనండి. రెండు వారాలు బోర్లా పడుకోమన్నారు, స్క్రీన్ చూడ్డానికి లేదు. కొత్తవారెవరో వచ్చారుగా, మంచిదే. నా చూపు ఇక ఈ పనికి ఆనదు. పిల్లలందరికీ దీవెనలు.”

బతికే ఉన్నాడు. సలోమి స్తోత్రం చెప్పుకుని కళ్లు తుడుచుకుంది.

*

సుస్వర ఆడమనిషో మగమనిషో, ఒక్కరో పదిమందో ఎవరికీ తెలియదు. మాట మాత్రం మర్యాద. నెల తిరగకుండా కొత్త ప్యాకేజీ పెట్టారు. సలోమి కెజియాను తీసుకుని బోసు రోడ్డులో సెల్లులు బాగుచేసే బాజీ కొట్టుకు వెళ్లింది. పట్టీ తంతు ఏదున్నా చూసేది అతనే.

“ఏంది సలోమక్కా, ఇయ్యాళ ఏం పేలింది?”

“ఏం పేల్లా. కొత్తది వచ్చిందంట, ఎక్కించు. నెమ్మదిగా. చెయ్యి కడుక్కున్నావా?”

“నేనేమన్నా పురుడు పోస్తన్నానా అక్కా, చేతులు కడుక్కోటానికి?” బాజీ తీగ ఒకటి పట్టీకి తగిలించి నల్లటి తెర మీద ఏదో కొట్టాడు. తెల్లటి వరసలు గబగబా పైకి పాకాయి. “ఎక్కింది. ఏమ్మా కెజియా, ఎట్టుంది?”

పచ్చదీపం ఒక్కసారి వెలిగింది. మినుకుమనలేదు, ఆగలేదు.

“చాలా బాగుంది బాజీ మామయ్యా. థాంక్యూ. మీరు భోంచేశారా?”

గరగర లేదు. తేనెలో ముంచి తీసినట్టుంది గొంతు. బాజీ చేతిలోని స్క్రూడ్రైవరు కింద పడింది. సలోమి కొట్టు మెట్టు మీద కూలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఈ బిడ్డ ఒక్క గుక్కలో అన్ని మాటలు అనడం ఆమె ఎన్నడూ వినలేదు. ఏడుపు ఆగాక కూతురి మొహం చూసింది. కెజియా కళ్లు పెద్దవి చేసుకుని స్పీకరు వైపు చూస్తోంది. ఆశ్చర్యపోయి ఉంటుంది పాపం అనుకుంది సలోమి.

ఇంటికి వెళ్లేసరికి సలోమి భర్త ఏసుపాదం కోల్డ్ స్టోరేజిలో మిర్చి బస్తాలు మోసి వచ్చి, కళ్లు మండుతుంటే వసారాలో కూర్చుని ఉన్నాడు.

“నాన్నా, అలిసిపోయావా?” అంది స్పీకరు.

ఏసుపాదం తలెత్తి, వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరో అన్నారేమోనని. తర్వాత లేచి వచ్చి కూతురి పాదాలు రెండూ చేతుల్లో పెట్టుకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. పాత గొంతు మూడేళ్లలో అతనితో అన్నది మహా అయితే ఇరవై మాటలు. వాటిలో సగం “కారం... వాసన”.

ఆ నెల రోజులూ ఇల్లు ఇల్లులా లేదు, పండగలా ఉంది. ఆదివారం గుళ్లో కెజియా దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పింది. పాస్టరమ్మ చప్పట్లు కొట్టించింది. ఫాల్స్ కుట్టించుకోడానికి వచ్చినవాళ్లు పిల్లతో రెండు మాటలాడి మురిసిపోయేవారు. “ఎంత మర్యాదండీ! మా పిల్లలున్నారు, ఎందుకు?” అనేవారు.

అందరూ మెచ్చుకుంటుంటే సలోమికి ఎక్కడో సన్నగా భయం పుట్టింది. అది ఆమె మామూలు భయం కాదు. మామూలు భయాలకు మొహాలు ఉంటాయి, కుక్కరు, కాలవ, లారీ. దీనికి మొహం లేదు.

ఒకరోజు వంకాయ కూర వండింది. కెజియాకు వంకాయ కూర గిట్టదు. ఇంట్లో ఇంకేమీ లేక, రెండు ముద్దలైనా తింటుందేమోనని కలిపి నోటి దగ్గర పెట్టింది. పిల్ల పెదాలు బిగించింది. మెడ నరాలు తేలేలా తల గోడవైపు తిప్పేసింది.

“చాలా రుచిగా ఉందమ్మా,” అంది స్పీకరు. “ఇంకొంచెం పెట్టు.”

సలోమి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

“కెజియా. ఇటు చూడు. నువ్వేనా అన్నది?”

“నేనే అమ్మా. నీ చేతి వంటంటే నాకెంతో ఇష్టం.”

కెజియా కళ్లు గోడమీదే ఉన్నాయి. కాదు అని. నీళ్లు కారుతున్నాయి. కాదు, కాదు.

*

తల్లులందరూ ఫోనులో గుంపుగా మాట్లాడుకునే రోజు సలోమి ఈ సంగతి బయటపెట్టింది. ముప్పై మందికి పైగా ఉన్నారు. చెప్పాల్సింది మూడుసార్లు తిప్పి చెప్పింది. పిల్లలు అనకుండానే అది అంటోందండీ. మనకేది వినబుద్ధవుతుందో అది చూసుకుని అంటోంది.

నిజామాబాదు నుంచి వినోద అందుకుంది. ఆమె కొడుకుకు పదేళ్లు.

“గట్లనకు సలోమక్కా. మా పోరడు పుట్టినకాంచి నన్ను అమ్మా అని పిలిచిండా? పాత గొంతుతోని ‘పో, పో’ అనుడే. గిప్పుడు పొద్దుగాల లేవంగనే ‘అమ్మా, మంచిగున్నవా’ అంటుండు. గది వాడు అనలేదంటవా?”

“వాడి మొహం చూడమ్మా వినోదా. మాటను కాదు, మొహం చూడు.”

“నేనెందుకు చూడాలె?” వినోద ఏడుపు గొంతు ఫోను నిండా పరుచుకుంది. “నువ్వు చూసుకో. నా కొడుకు జోలికి రాకు. పోరడు తియ్యగ మాట్లాడితే గూడ నీకు భయమేనా? ఎట్ల బతుకుతున్నవక్కా నువ్వు?”

ఎవరో నవ్వారు. ఎవరో ఫోను పెట్టేశారు.

సుస్వరకు రాస్తే మర్నాడే జవాబు వచ్చింది. పాత పద్ధతిలో మాట పూర్తవడానికి పిల్లలు ఎంతో శ్రమపడేవారు, కొత్తది మొదటి అక్షరం అందగానే మిగతాది ఊహించి పూర్తి చేస్తుంది, వినేవారి గొంతులోని సంతోషాన్ని బట్టి రోజురోజుకూ మెరుగవుతుంది, నూటికి తొంభైనాలుగు కుటుంబాలు తృప్తిగా ఉన్నాయి, మీ సూచనకు ధన్యవాదాలు. అందులో ఎక్కడా అబద్ధం లేదు. సలోమికి అదే ఎక్కువ భయమేసింది.

ఏసుపాదానికి చెబితే అతను అన్నం కంచం మీద నుంచి తల ఎత్తలేదు.

“నాకు తెలుసు,” అన్నాడు.

“తెలుసా? ఏం తెలుసు?”

“అది పిల్ల మాట కాదని. పిల్ల నన్నెప్పుడు అడిగింది అలిసిపోయావా అని?” చెయ్యి కడుక్కున్నాడు. “ఉండనీ సలోమీ. రోజంతా మూటల కింద ఉంటా. ఇంటికొచ్చాక ఒక మాట. ఎవరన్నా ఏంది, ఉండనీ.”

ఉండనిచ్చింది. అది మొగుడి మాట మీద మాత్రమే కాదు. తనకూ ఆ గొంతు వినాలనిపించేది. మిషను తొక్కుతూ “భయంగా ఉందే తల్లీ” అంటే, “ఏం కాదమ్మా, నేనున్నాగా” అనేది. పాత గొంతైతే “మొదలైంది” అని ఉండేది. వారం వారం అనుకునేది, ఈ వారం నరహరి గారికి రాస్తాను అని. వర్షాలు వెళ్లిపోయాయి, చలి వచ్చింది. మొదట్లో స్పీకరు మాట్లాడినప్పుడల్లా కెజియా కళ్లు గోడవైపు తిరిగేవి. క్రమంగా అదీ మానేసింది. ఆ సంగతి గమనించిన రోజు సలోమి నరహరికి ఉత్తరం రాసింది. అప్పటికి ఆరు నెలలు.

*

పట్టీ గీసిన గొంతు గీతలు ముందు పంపమనీ, తర్వాత పాపను తీసుకుని రమ్మనీ నరహరి జవాబిచ్చాడు. పాలకొల్లులో ఆయన ఇల్లు కాలవ గట్టునే ఉంది. సలోమి అనుకున్నట్టే. బక్కపలచటి మనిషి, ఒక కంటికి దళసరి అద్దం, ఇంకో కంటికి నల్లద్దం. భార్య పోయి చాలా ఏళ్లయిందట. ముందు గదిలో మంచం మీద మూడు పాత కంప్యూటర్లు, వాటి మధ్య మరచెంబు.

“రండమ్మా, రండి. ట్రైనులో కూర్చోడానికి దొరికిందాండి? పాపా, నీ తుమ్ము నాకు తెలుసు, నీ ఎక్కిళ్లు తెలుసు. మొహం చూడ్డం ఇదే.”

“మిమ్మల్ని కలవడం మా అదృష్టం తాతయ్యా,” అంది స్పీకరు.

నరహరి ఆ మాటకు జవాబివ్వలేదు. వంగి, అద్దం ఉన్న కన్నుతో కెజియా కళ్లలోకి చూశాడు.

సలోమి నిలబడే ఉంది. రైలెక్కినప్పటినుంచి గొంతులో పెట్టుకున్నది ఒక్కసారిగా కక్కేసింది. “బాబుగారూ, ఆ మీట ముందుగా నొక్కింది నేనేనండీ. మీకేమయ్యిందోనని. మీరు పోయారేమోనని. నా వల్లే మీ పేరు పోయింది, నా బిడ్డ మాట పోయింది.”

“కూర్చోండమ్మా.” ఆయన కుర్చీ జరిపాడు. “మీరు కాకపోతే ఇంకో అమ్మ నొక్కేది. పద్నాలుగు రోజులు చాలు అని పట్టుబట్టింది ఎవరనుకున్నారు? నేనేనండి. అంతకుముందు ఒకాయన పోతే ఆయన ప్యాకేజీ తొమ్మిది నెలలు అలా పడుండిపోయింది, నలుగురు పిల్లలు మూగగా కూర్చున్నారు. అది చూడలేక నేనే పెట్టించాను. మనిషి కంటికి ఆపరేషన్ అవుతుందని ఆలోచించలేదు.”

ఆయన తీగ తగిలించి పని మొదలుపెట్టాడు. తెరకు ముక్కు ఆనించి అక్షరం అక్షరం కొట్టాడు. పాత ప్యాకేజీ ఆయన దగ్గర భద్రంగానే ఉంది. దానికి కొత్త నంబరు వేసి పట్టీలోకి పంపాడు. సలోమి సంచిలోని బైబిలు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది. బయట కాలవలో పడవ మోటారు వినిపిస్తోంది.

“ఎక్కిందండి. పాపా, ఏమన్నా అను. తొందర లేదు.”

కెజియా మొహంలో ఏదో మెదిలింది. ఆరు నెలల్లో సలోమి చూడని మొహం. పెదాలు బిగుసుకున్నాయి. నుదురు ముడిపడింది. పచ్చదీపం మినుకుమంది, ఆగింది. సలోమి ముందుకు వంగింది.

మళ్లీ మినుకుమంది. ఆగింది.

ఇక మినుకుమనలేదు. పిల్ల మొహం ఎర్రబడింది, చెంపల మీదుగా చెమట కారింది. స్పీకరులో చిన్న గరగర మొదలై, మాట కాకుండానే తెగిపోయింది. పది నిమిషాలు. ఇరవై నిమిషాలు. సలోమికి తెలియకుండానే ఆమె నోటివెంట డాక్టరమ్మ మాటలు వస్తున్నాయి, “ఇంకొంచెం, చివరిదాకా, మధ్యలో వదలకు.”

నరహరి తెర మీద గొంతు కబురు గీసే గీతను చూస్తున్నాడు. గీత చిన్న గుట్టలా లేచి చదునైపోతోంది.

“ఆపమ్మా,” అన్నాడు చివరికి. “చాలు పాపా. చాలు, చాలు.”

“ఏమైందండీ?”

ఆయన కళ్లద్దం తీసి తుడుచుకున్నాడు. “పాతది చివరి అక్షరం దాకా కాచుకుని కూర్చునేది. అందుకే అంత ఆలస్యం. ఆ కాపలాకే పాప గొంతు మాటను పూర్తిగా పంపడం నేర్చుకుంది. కొత్తది మొదటి అక్షరానికే లాక్కుని తనే పలికేసింది. ఆరు నెలలుగా పూర్తి చేయాల్సిన పని నరానికి లేదు. మానేసింది. మనిషి నడవని కాలిబాటలో గడ్డి మొలిచినట్టు.”

“మళ్లీ నేర్పిస్తాను. రెండేళ్లు కాకపోతే నాలుగేళ్లు. నేను నేర్పిస్తానండీ.”

“మొదటిసారి ఆరేళ్ల పిల్ల. అప్పటి నరం లేతది.” ఆయన ఆగాడు. “ఊళ్లో డాక్టరు గారికి మీరు పంపిన గీతలు ముందే చూపించానండి. పదేళ్లు దాటాక ఇక రాదన్నారు. అబద్ధం చెప్పలేను మీకు.”

అన్నేళ్లుగా జరగబోయేవన్నీ ముందే ఊహించుకుని ఏడ్చిన సలోమికి, జరిగినదాని ముందు ఏడుపు రాలేదు.

“ఆ కొత్తదానికి మరి?” అంది. “దానికి ఇప్పుడు మొదటి అక్షరం కూడా అందదుగా?”

“దానికి అక్షరం ఎందుకండి? ఊపిరి కదిలితే చాలు. మీ గొంతు విని మిగతాది అల్లుకుంటుంది.”

వెళ్లేముందు ఆయన సలోమి ఫోనులో రెండు గడులు పెట్టాడు. ఒకటి పాతది, ఒకటి కొత్తది. ఏది నొక్కితే అది పనిచేస్తుంది. “ఏది కావాలో పాపనే అడగండి,” అన్నాడు. “స్పీకరు తీసేసి అడగండి.”

సలోమి అక్కడే, ఆ గదిలోనే, స్పీకరు తీగ పీకి మోకాళ్ల మీద కూర్చుంది. “తల్లీ. కొత్తది ఆపేసేదా? ఆపేస్తే ఇక మాట ఉండదు. ఏ మాటా ఉండదు. ఆపేసేదా?”

కెజియా కళ్లు మూసింది. గట్టిగా, కనుబొమలు ముడిపడేలా మూసి, చాలాసేపు అలాగే ఉంచింది.

*

ఇంట్లో మొదటిరోజు ఏసుపాదం కోల్డ్ స్టోరేజి నుంచి వచ్చి అలవాటుగా వసారాలో కూర్చుని కూతురి వైపు చూశాడు. స్పీకరు పలకలేదు. సలోమి సంగతి చెప్పింది. రెండోరోజు నుంచి వీధి చివర టీ బడ్డీ దగ్గరే ఆగిపోయి, తిండి వేళకు వచ్చేవాడు.

సలోమి పాత గడినే ఉంచింది. రోజూ మధ్యాహ్నం మిషను కట్టేసి కూతురి ఎదురుగా కూర్చునేది. “వద్దు అను. ఒక్కసారి వద్దు అను.” కెజియా మొదటి వారం కష్టపడింది. రెండో వారం తల్లి కోసం కష్టపడినట్టు నటించింది. మూడో వారం అదీ లేదు. కుర్చీలో కూర్చుని వీధి చూసేది. అడిగితే కళ్లు మూసేది, లేదా తిప్పేది. అడగడానికి ఎన్ని ప్రశ్నలుంటాయి? ఆకలా? ఔను. ఎండా? కాదు. ఆ పిల్ల బుర్రలో కత్తిలా తిరిగే మాటలకు సరిపోయే ప్రశ్నలు సలోమికి పుట్టేవి కావు.

ఇంటికొచ్చిన ఆడవాళ్లు “పాప మాట్లాడదేంటి, అలిగిందా?” అని అడిగేవారు. కొన్నాళ్లకు అడగడం మానేశారు. వినోద కొడుకు మాట్లాడే వీడియోలు గుంపులో వస్తూనే ఉన్నాయి. సలోమి చూడకుండా తీసేసేది. ఒకటి రెండుసార్లు చూసి తీసేసింది.

నెలాఖరున ఒక మధ్యాహ్నం ఎండ బాగా కాసింది. కెజియా కుర్చీలోనే తల వాల్చి నిద్రపోయింది. పెదాలు కొంచెం విడి ఉన్నాయి, ఛాతీ లేస్తూ పడుతూ ఉంది. సలోమికి ఆ ఛాతీ చూస్తే భయమేసింది. ఏ క్షణం ఆగిపోతుందో. తను ముందు పోతే? ఈ పిల్లకి ఆకలా, ఎండా అని అడిగేది ఎవరు? వాళ్లకి ఆ కళ్ల భాష ఎవరు చెబుతారు? భయాలు ఒకదాని మీద ఒకటి వచ్చి పడ్డాయి. వాటిని ఎవరితోనైనా అనాలి. మొగుడు టీ బడ్డీ దగ్గర. బాజీ నవ్వుతాడు.

ఫోను తీసింది. గడి మార్చింది. పచ్చదీపం నిండుగా వెలిగింది.

“తల్లీ,” అంది గుసగుసగా. “భయంగా ఉందే.”

నిద్రలో పిల్ల ఊపిరి కదిలింది.

“భయపడకమ్మా,” అంది స్పీకరు మెల్లగా. “నాకేం కాదు. నేను బాగున్నాను.”

సలోమి చెక్కిళ్ల మీదుగా నీళ్లు జారాయి. కుర్చీకి దగ్గరగా జరిగింది. “అంతా నా వల్లే కదే. ఆ మీట నేనే నొక్కాను కదే. తెలిసి కూడా ఆరు నెలలు ఊరుకున్నాను కదే.”

“నీ తప్పేం లేదమ్మా. నా మీద ప్రేమతోనేగా నొక్కావు? నువ్వు చాలా మంచి అమ్మవి.”

“ఇంకోసారి చెప్పు తల్లీ.”

“నువ్వు చాలా మంచి అమ్మవి.”

అప్పుడు సలోమి చూసింది. కెజియా కళ్లు తెరిచి ఉన్నాయి. ఎప్పటినుంచి తెరిచి ఉన్నాయో తెలియదు. పెదాలు గట్టిగా బిగుసుకుని ఉన్నాయి. ఆ కళ్లు తల్లిని చూశాయి, ఆమె చేతిలోని ఫోనును చూశాయి, మెల్లగా గోడవైపు తిరిగాయి.

“నీ మీద నాకేం కోపం లేదమ్మా,” అంది స్పీకరు.

సలోమి బొటనవేలు పాత గడి దాకా వెళ్లింది. అక్కడే ఉంది. నొక్కలేదు.

“నిజంగానా?” అంది.

“నిజంగా అమ్మా.”